నో యాడెడ్ అన్నారు సరే, లోపల ముందే ఉన్నదాని సంగతేంటి?

2015 జూన్ 5న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే మన ఫుడ్ సేఫ్టీ అథారిటీ, మ్యాగీ నూడుల్స్‌ని దేశమంతా ఆపేయమని ఆర్డర్ ఇచ్చింది. ఆ గొడవలో జనానికి గుర్తున్నది సీసం ఒక్కటే, కానీ ఆర్డర్‌లో చెప్పిన కారణాలు మూడు. సీసం 2.5 పీపీఎం (పది లక్షల పాళ్లలో రెండున్నర పాళ్లు) లిమిట్ దాటింది అన్నది ఒకటి, ఓట్స్ మసాలా రకాన్ని సేఫ్టీ పరిశీలన అవ్వకుండానే మార్కెట్‌లోకి వదిలారన్నది ఇంకోటి, మూడోది ప్యాకెట్ మీద "నో యాడెడ్ ఎంఎస్‌జీ" అని రాసుకోవడం (ఎంఎస్‌జీ అంటే మోనోసోడియం గ్లుటమేట్, రుచి పెంచడానికి వేసే ఉప్పులాంటి పొడి). సీసం కథ తర్వాత ల్యాబ్ రిపోర్టులతో తేలిపోయింది గానీ ఆ మూడో పాయింట్ మాత్రం ఇప్పటికీ ప్రతి సూపర్ మార్కెట్ ర్యాక్‌లోనూ కనిపిస్తుంది, ఎంఎస్‌జీ ఉన్నచోట షుగర్, ప్రిజర్వేటివ్స్, కలర్స్ అని పేరు మారుతుంది అంతే.

అసలు ఇది మొదలైంది యూపీలోని బారాబంకీలో. 2014లో అక్కడి ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్లు ఒక షాపులోంచి మ్యాగీ శాంపిల్ తీసుకుని గోరఖ్‌పూర్ ల్యాబ్‌కి పంపితే ఎంఎస్‌జీ ఉందని వచ్చింది, కంపెనీ ఒప్పుకోలేదు, దాంతో శాంపిల్ కోల్‌కతాలోని సెంట్రల్ ల్యాబ్‌కి వెళ్లింది, అక్కడ ఎంఎస్‌జీతో పాటు సీసం 17.2 పీపీఎం అని రిపోర్ట్ వచ్చేసరికి టీవీ చానళ్లు అందుకున్నాయి. అంటే సీసం సంగతి తర్వాత వచ్చింది, ముందు పేచీ మొదలైంది ఎంఎస్‌జీ దగ్గరే.

కంపెనీ చెప్పిన సమాధానం ఏంటంటే, మేము ఎంఎస్‌జీ కలపట్లేదు, మసాలాలో వేరుశనగ ప్రోటీన్ హైడ్రాలిసిస్ చేసింది, అంటే చిన్న ముక్కలుగా విరగ్గొట్టింది, వాడతాం, ఉల్లిపాయ పొడి వాడతాం, గోధుమ పిండి ఉంది, వీటన్నిట్లో గ్లుటమేట్ సహజంగానే ఉంటుంది, ల్యాబ్‌కి కనిపించింది అదే అని. ఇది తప్పించుకోడానికి చెప్పిన మాటలా అనిపిస్తుంది కానీ కెమిస్ట్రీ ప్రకారం ఇందులో అబద్ధం లేదు. గ్లుటమేట్ అనేది టమాటాలో ఉంటుంది, పుట్టగొడుగుల్లో ఉంటుంది, పాత చీజ్‌లో అయితే చాలా ఉంటుంది. 1908లో జపాన్‌లో కికునే ఇకెడా అనే ప్రొఫెసర్ సముద్రపు నాచు వేసి కాచిన చారు ఎందుకంత రుచిగా ఉందా అని చూసి దాన్ని విడిగా తీశాడు, మరుసటి ఏడాదికే అది అజినమోటో పేరుతో అమ్మకానికి వచ్చింది. మన ఫాస్ట్‌ఫుడ్ బండ్ల దగ్గర టేస్టింగ్ సాల్ట్ అని పిలిచేది దాన్నే. టమాటాలోంచి వచ్చిన గ్లుటమేట్‌కీ డబ్బాలోంచి వేసినదానికీ ఒంట్లోకి వెళ్లాక తేడా ఉండదు. 1968లో ఒక అమెరికన్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన ఉత్తరం పుణ్యమా అని దీనికి చెడ్డపేరు అంటుకుంది, అది దానికి తగినదానికంటే చాలా ఎక్కువ అనే చెప్పాలి. కానీ ఎంఎస్‌జీ మంచిదా చెడ్డదా అన్నది వేరే వాదన, ఇక్కడ విషయం అది కాదు.

ఇక్కడ విషయం ఏంటంటే ప్యాకెట్ మీద ఆ లైన్ చదివినవాడు ఏం అనుకుంటాడు, కంపెనీ ఏం చెప్పింది, ల్యాబ్ ఏం చూడగలదు, ఈ మూడూ మూడు వేరు వేరు సంగతులు. కొనేవాడు "ఇందులో అది లేదు" అనుకుంటాడు. కంపెనీ చెప్పింది "మా ఫ్యాక్టరీలో మేము అది వెయ్యలేదు" అని మాత్రమే. ల్యాబ్‌కి వెళ్తే అక్కడ మిషన్ చెప్పేది "ఇందులో ఇంత ఉంది" అని, అది ఎవరు వేశారో, ఉల్లిపాయతో వచ్చిందో గరిటతో వచ్చిందో దానికి తెలీదు. అంటే కంపెనీ చేసిన పని గురించి ఒక మాట ఇస్తోంది, ఆ పని మనం చూడలేం, సరుకు బయటికి వచ్చాక ప్రభుత్వానికి కూడా చూసే వీలు లేదు.

ఈ చిక్కుని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తర్వాత తనే ఒప్పుకుంది. 2016 మార్చి 31న ఇచ్చిన ఆర్డర్‌లో, ఎంఎస్‌జీ బయటనుంచి కలిపారా లేక సహజంగా ఉందా అని తేల్చే ల్యాబ్ పద్ధతి లేదు కాబట్టి ఊరికే గ్లుటమేట్ కనబడిందని నూడుల్స్, పాస్తా కంపెనీల మీద కేసులు పెట్టొద్దు అని చెప్పింది. కానీ ఒక మినహాయింపు పెట్టింది చూడండి, ప్యాకెట్ మీద నో ఎంఎస్‌జీ అనో నో యాడెడ్ ఎంఎస్‌జీ అనో రాసి ఉండి, లోపల అది దొరికితే మాత్రం చర్య తీసుకోవచ్చు అని. అంటే ఎంఎస్‌జీ ఉండటం తప్పు కాదు, లేదన్నట్టు జనానికి అనిపించేలా రాసుకోవడం తప్పు. అమెరికాలో ఎఫ్‌డీఏ, అంటే అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ, దీన్ని ఎప్పుడో తేల్చేసింది, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, హైడ్రలైజ్డ్ ప్రోటీన్, సోయా ఎక్స్‌ట్రాక్ట్ లాంటివి వాడిన ఏ వస్తువు మీదా నో ఎంఎస్‌జీ గానీ నో యాడెడ్ ఎంఎస్‌జీ గానీ రాయకూడదు, ఎందుకంటే అవి వేసేదే గ్లుటమేట్ రుచి కోసం. ఇది చాలా సూటిగా ఉన్న రూల్, వేరుశనగ ప్రోటీన్‌ని హైడ్రాలిసిస్ చేసి మసాలాలో ఎందుకు వేస్తారు అని అడిగితే ఇంకో జవాబు ఉండదు కదా.

ఆ కేసు మిగతా కథ కూడా చెప్పేసుకుందాం. 2015 ఆగస్టు 13న బాంబే హైకోర్టు బ్యాన్‌ని కొట్టేసింది, మూడు గుర్తింపు ఉన్న ల్యాబుల్లో మళ్లీ టెస్ట్ చేయించమంది, వాటిల్లో ఒకటి మన హైదరాబాద్‌లోని విమ్టా ల్యాబ్స్, మిగతా రెండూ మొహాలీ, జైపూర్‌లవి. సీసం లిమిట్ లోపలే ఉందని తేలింది, నవంబర్‌కల్లా మ్యాగీ షాపుల్లోకి తిరిగొచ్చింది. ఈ లోపు వేల టన్నుల నూడుల్స్ వెనక్కి తెప్పించి సిమెంట్ ఫ్యాక్టరీల కొలిముల్లో వేసి కాల్చారు. కేంద్ర ప్రభుత్వం 640 కోట్ల దాకా పరిహారం అడుగుతూ జాతీయ వినియోగదారుల కమిషన్‌లో వేసిన కేసుని 2024 ఏప్రిల్‌లో కొట్టేశారు. అంటే కంపెనీ దాదాపు అన్ని చోట్లా గెలిచింది. అయినా ప్యాకెట్ మీద ఆ ఒక్క లైన్ మాత్రం తీసేసింది. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నూడుల్స్‌లో ఏమీ మార్చక్కర్లేకపోయింది అన్నది గమనించాలి.

ఇక షుగర్ దగ్గరికి వస్తే, ఇది ఇంకా పెద్ద మార్కెట్. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ స్టడీ లెక్క ప్రకారం దేశంలో డయాబెటిస్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైన, దాని అంచున ఉన్నవాళ్లు ఇంకో 13.6 కోట్లు. మన తెలుగిళ్లలో జబ్బు పేరే షుగర్, "ఆయనకి షుగర్ ఉంది" అంటే ఇంకేం చెప్పక్కర్లేదు. అలాంటి చోట నో యాడెడ్ షుగర్ అని ప్యాకెట్ మీద ఆకుపచ్చ రంగులో కనిపిస్తే దాన్ని "షుగర్ పేషెంట్లు తినొచ్చు" అని చదువుకుంటారు, అమ్మేవాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు.

చట్టంలో మాత్రం తేడా క్లియర్‌గానే ఉంది. 2018లో వచ్చిన అడ్వర్టైజింగ్, క్లెయిమ్స్ రెగ్యులేషన్స్ ప్రకారం షుగర్ ఫ్రీ అనాలంటే 100 గ్రాములకి గానీ 100 ఎంఎల్‌కి గానీ అర గ్రాముకి మించి షుగర్ ఉండకూడదు. లో షుగర్ అనాలంటే గట్టి పదార్థంలో 100 గ్రాములకి 5 గ్రాములు, ద్రవంలో అయితే 100 ఎంఎల్‌కి 2.5 గ్రాముల లోపు. ఈ రెండిటికీ నంబర్ ఉంది, ల్యాబ్‌లో కొలిచి చూడొచ్చు. నో యాడెడ్ షుగర్‌కి మాత్రం నంబరే లేదు, అక్కడ ఉన్నవన్నీ ఏం చెయ్యకూడదు అన్న షరతులు. పంచదార, గ్లూకోజ్, తేనె, మొలాసిస్, కార్న్ సిరప్ లాంటివేవీ కలపకూడదు, జామ్, స్వీట్ చాక్లెట్ లాంటి ముందే షుగర్ ఉన్న పదార్థాలు వేయకూడదు, పంచదార పని చేయడానికి పెట్టిన చిక్కటి జ్యూస్ కాన్సంట్రేట్, ఎండు పళ్ల పేస్ట్ లాంటివి వాడకూడదు, ఎంజైములు వేసి పిండి పదార్థాన్ని షుగర్‌గా మార్చకూడదు. ఇవన్నీ పాటిస్తే లోపల షుగర్ ఎంతున్నా ఆ మాట రాసుకోవచ్చు.

ఎంతున్నా అంటే ఎంత అని అడిగితే, చెరుకు రసం బండి దగ్గరికి వెళ్లండి. అల్లం, నిమ్మకాయ వేసి పిండి ఇచ్చే ఆ గ్లాసులో ఎవరూ ఏ పంచదారా కలపలేదు, చట్టం మాటల్లోనే చూస్తే అది నూటికి నూరు పాళ్లు నో యాడెడ్ షుగర్, పంచదార తయారయ్యేదే దాంట్లోంచి అన్నది వేరే విషయం. 100 ఎంఎల్‌కి 13 గ్రాములు అటూ ఇటూగా ఉంటుంది, కోలా అయితే 10.6 గ్రాములు. ద్రాక్ష రసం ఇంకాస్త పైనే, 14 నుంచి 16 దాకా. యాపిల్, ఆరెంజ్ జ్యూసులు కోలాకి కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. మామిడి గుజ్జు 14 దగ్గర ఉంటుంది, చిత్తూరు జిల్లా ఫ్యాక్టరీల్లో తోతాపురి పిండి పెద్ద పెద్ద బ్యాగుల్లో డ్రింక్ కంపెనీలకి పంపే గుజ్జులో చుక్క పంచదార వేయకపోయినా అది తియ్యగానే ఉంటుంది, ఎందుకుండదు.

ఇక్కడ ఒకరు అడగొచ్చు, పండులో ఉన్న షుగర్ సహజమైందే కదా దాంతో ఏమైంది అని. పండుని పండుగా తిన్నంతవరకు ఆ మాట సరైనదే. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో షుగర్ మీద ఇచ్చిన గైడ్‌లైన్‌లో యాడెడ్ షుగర్ అన్న లెక్కే పెట్టుకోలేదు, ఫ్రీ షుగర్స్ అన్న లెక్క పెట్టుకుంది, అందులో కంపెనీ కలిపిన పంచదారతో పాటు తేనె, సిరప్‌లు, పళ్ల రసాలు, కాన్సంట్రేట్ కూడా వస్తాయి, పండు మాత్రం రాదు, పాలు కూడా రావు. పండు నమిలితే పీచు ఉంటుంది, కడుపు నిండుతుంది, రెండు కమలాలు తినేసరికి చాలనిపిస్తుంది, అదే రసం తీస్తే మూడు నాలుగు కాయలు ఒక్క గుక్కలో దిగిపోతాయి. ఆ ఫ్రీ షుగర్స్ రోజు కేలరీల్లో 10 శాతం లోపు ఉండాలి, వీలైతే 5 శాతం లోపు, అంటే 2000 కేలరీలు తినే మనిషికి 50 గ్రాములు, వీలైతే 25. ఒక 200 ఎంఎల్ నో యాడెడ్ షుగర్ జ్యూస్ డబ్బా తాగితే 20 గ్రాములు అక్కడే అయిపోతుంది. కంపెనీ లెక్కలో సున్నా, డబ్ల్యూహెచ్‌ఓ వీలైతే అన్న 25 గ్రాముల లెక్కలో దాదాపు రోజు కోటా. రెండూ నిజమే, అదే ఇక్కడ గమ్మత్తు.

మాల్ట్ పౌడర్ల సంగతి ఇంకా బాగుంటుంది. 2023 ఏప్రిల్‌లో బోర్న్‌విటా మీద ఒక వీడియో వైరల్ అయ్యి, కంపెనీ లీగల్ నోటీస్ ఇచ్చి, బాలల హక్కుల కమిషన్ రంగంలోకి దిగి పెద్ద రచ్చ అయింది. అప్పటి లేబుల్ చూస్తే 100 గ్రాముల పౌడర్‌లో మొత్తం షుగర్స్ దాదాపు 50 గ్రాములు, అందులో యాడెడ్ 37.4 గ్రాములు అని రెండు వేరు లైన్లు. ఆ మధ్యలో ఉన్న 12 గ్రాముల పైచిలుకు మాల్ట్ నుంచీ పాలపొడి నుంచీ వచ్చిందని లెక్క. మాల్ట్ అంటే గింజని మొలకెత్తించి అందులో పుట్టే ఎంజైములతోనే పిండిని తీపిగా మార్చడం, రాగి మాల్ట్‌కి ఇంట్లో చేసేదీ అదే పని. ఆ తీపి గింజలోంచి వచ్చిందే కాబట్టి యాడెడ్ లైన్‌లో కనబడదు. ఏడాది చివరికి కంపెనీ యాడెడ్ షుగర్‌ని 32.2కి తగ్గించింది. ఇక్కడ ఇంట్లో రాగి జావ తాగేవాళ్లు భుజాలు ఎగరేయాల్సిన పని లేదు, మొలకెత్తించిన రాగి పిండి ప్యాకెట్ మీద నో యాడెడ్ షుగర్ అన్నది అక్షరాలా నిజమే, తర్వాత అందులో రెండు చెంచాల బెల్లం వేసేది మనమే.

ఓట్ మిల్క్ విషయంలోనూ ఇదే గొడవ. ఓట్స్‌ని నీళ్లలో నానబెట్టి ఎంజైమ్ వేస్తే పిండి మాల్టోజ్ అనే షుగర్ అయిపోయి పాలు తియ్యగా వస్తాయి, బయటనుంచి ఏమీ వేయలేదు కదా అంటే కుదరదు, అమెరికాలో ఆ మాల్టోజ్‌ని యాడెడ్ కింద లేబుల్‌లో చూపిస్తారు. మన రూల్‌లోనూ ఎంజైమ్ షరతు ఉందని పైన చెప్పుకున్నాం.

బెల్లం మాత్రం ఒక ప్రత్యేకమైన సెంటిమెంట్. స్వీట్ షాపుల్లో బోర్డులు చూడండి, నో షుగర్ ఓన్లీ జాగరీ, బెల్లం పూతరేకులు, డ్రైఫ్రూట్ లడ్డు జీరో షుగర్. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ ట్యాగ్ వచ్చాక బెల్లం రకం ఇంకా ఎక్కువ కనిపిస్తోంది, రుచికైతే నిజంగా బెల్లమే బాగుంటుంది, అందులో వాదన లేదు. కానీ బెల్లంలో ఎక్కువ భాగం ఉండేది సుక్రోజే, పంచదారలో ఉన్న అదే సుక్రోజ్, కొంచెం ఖనిజాలు, కొంచెం తేమ, మంచి వాసన ఎక్స్‌ట్రా. రూల్స్ ప్రకారం బెల్లం వేసింది నో యాడెడ్ షుగర్ అవ్వనే అవ్వదు. అందుకనే తెలివైనవాళ్లు మాట మార్చి నో రిఫైన్డ్ షుగర్ అంటారు, దానికి బెల్లం, తేనె, ఖర్జూరం సిరప్ అన్నీ సరిపోతాయి. 2024 ఏప్రిల్‌లో పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ, పసిపిల్లల తిండి మీద పనిచేసే ఐబీఫ్యాన్ అనే అంతర్జాతీయ నెట్‌వర్క్ కలిసి మన దేశంలో అమ్మే సెరెలాక్‌లో ఒక్కో సర్వింగ్‌కి దాదాపు 3 గ్రాముల దాకా షుగర్ కలుపుతున్నారు, అదే యూరప్‌లో అమ్మేదాంట్లో కలపట్లేదు అని రిపోర్ట్ పెట్టాక అదే ఏడాది ఇక్కడ రిఫైన్డ్ షుగర్ లేని రకాలు వచ్చాయి. పసిపిల్లల తిండి కాబట్టి అది మంచి మార్పే, కానీ నో రిఫైన్డ్, నో యాడెడ్, షుగర్ ఫ్రీ ఈ మూడూ ఒకటే అనుకుని కొనేవాళ్లే ఎక్కువ.

ఖర్జూరం లడ్డు ఇంకా చిక్కు. ఖర్జూరంలో బరువులో 60 శాతం పైన షుగరే, జీడిపప్పు బాదంతో కలిపి ఉండ చుడితే అది మంచి తిండే, పీచు కూడా ఉంటుంది, ఊరికే పంచదార తిన్నట్టు కాదు. కానీ ఆ ఖర్జూరం పేస్ట్ అక్కడున్నది పంచదార పని చేయడానికే కదా, మరి పైన చెప్పుకున్న ఎండు పళ్ల పేస్ట్ షరతు దానికి వర్తిస్తుందా లేదా? ఖర్జూరమే అసలు వంటకం అంటారు అమ్మేవాళ్లు, ప్రోటీన్ బార్‌లో బైండింగ్ కోసం వేశాం తీపి కోసం కాదు అంటారు ఇంకొందరు. ఎందుకు వేశారన్నది ల్యాబ్‌లో తేలే విషయం కాదు, మళ్లీ మ్యాగీ దగ్గర ఆగిన చోటే ఆగుతాం.

షరతులన్నీ పాటించి కూడా జనాన్ని పక్కదారి పట్టించే దారులు రెండు ఉన్నాయి. ఒకటి మాల్టోడెక్స్‌ట్రిన్, ఇది సాంకేతికంగా షుగర్ కాదు, పిండిని విరగ్గొట్టిన ముక్కలు, నాలుక మీద తీపి పెద్దగా ఉండదు కానీ రక్తంలోకి గ్లూకోజ్‌లా గబగబా వెళ్లిపోతుంది, లేబుల్‌లో షుగర్ లైన్‌లో కాకుండా కార్బోహైడ్రేట్ లైన్‌లో దాక్కుంటుంది. రెండోది మాల్టిటాల్, షుగర్ ఫ్రీ చాక్లెట్లూ బిస్కెట్లలో ఎక్కువ వాడేది, పంచదార కంటే కేలరీలు తక్కువ గానీ సున్నా కాదు, రక్తంలో షుగర్‌ని కొంత పెంచుతుంది కూడా, ఎక్కువ తింటే కడుపు ఉబ్బి బాత్రూమ్‌కి పరుగెత్తిస్తుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అదే మన ఎన్ఐఎన్, 2024 మేలో ఇచ్చిన డైటరీ గైడ్‌లైన్స్‌లో లేబుల్స్ గురించి విడిగా ఒక అధ్యాయమే పెట్టి షుగర్ ఫ్రీ అన్నదాంట్లో కొవ్వూ మైదా ఎక్కువ ఉండొచ్చు, మాల్టిటాల్, కార్న్ సిరప్, మొలాసిస్ లాంటివి ఉన్నాయేమో చూసుకోండి అని చెప్పింది. ఇక స్టీవియా, సుక్రలోజ్ లాంటి షుగర్ కాని తీపి పదార్థాలు పోసి తీపి తెచ్చినా నో యాడెడ్ షుగర్ రాసుకోవచ్చు, వాటిని బరువు తగ్గడానికని వాడొద్దని డబ్ల్యూహెచ్‌ఓ 2023లో సలహా ఇచ్చింది.

మరి కలిపారో లేదో సైన్స్‌కి అసలు పట్టుకోవడమే రాదా అంటే, షుగర్ విషయంలో కొంత వచ్చు. చెరుకూ మొక్కజొన్నా గాలిలోంచి కార్బన్‌ని పట్టుకునే తీరు ఒకటి, నారింజ, ద్రాక్ష, తేనె ఇచ్చే పూలమొక్కలది వేరు, దానివల్ల వాటి షుగర్‌లో కార్బన్ ఐసోటోపుల (బరువులో కొంచెం తేడా ఉన్న కార్బన్ రకాల) పాళ్లు వేరుగా ఉంటాయి. నారింజ రసంలో చెరుకు పంచదార కలిపితే ఆ పాళ్లు మారి దొరికిపోతుంది. తేనెకి ఈ టెస్ట్ చాలాకాలంగా వాడుతున్నారు. కానీ వరి కూడా నారింజ కోవలో మొక్కే, అందుకని బియ్యంతో చేసిన సిరప్ కలిపితే ఈ టెస్ట్‌కి చిక్కదు, 2020 డిసెంబర్‌లో సీఎస్ఈ అనే ఢిల్లీ పర్యావరణ సంస్థ బయటపెట్టిన తేనె కల్తీ కథ అంతా దీని చుట్టూనే తిరిగింది, ఇక్కడి టెస్టులు పాసైన బ్రాండ్లు చాలా జర్మనీ ల్యాబ్‌లో చేసిన ఎన్ఎంఆర్ అనే ఇంకా లోతైన టెస్ట్‌లో ఫెయిలయ్యాయి. ల్యాబ్ ఒక అడుగు వేస్తే కలిపేవాడు రెండడుగులు వేస్తాడు.

ప్రిజర్వేటివ్స్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఆవకాయ ఒక్కటి చూస్తే చాలు. ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి పచ్చడి జాడీ మీదా నో యాడెడ్ ప్రిజర్వేటివ్స్ అని ఉంటుంది, డల్లాస్, న్యూజెర్సీ వైపు కొరియర్‌లో వెళ్లేవాటి మీద మరీను. అయితే మన ఆహార చట్టంలో ప్రిజర్వేటివ్స్‌ని రెండు క్లాసులుగా రాశారు. మొదటి క్లాసులో ఏమున్నాయంటే ఉప్పు, పంచదార, మసాలా దినుసులు, వెనిగర్ లేదా ఎసిటిక్ యాసిడ్, తేనె, వంటనూనె. అంటే మామిడికాయ ముక్క తప్ప ఆవకాయలో ఉన్నదంతా ప్రిజర్వేటివే, ఏడాది పాటు ఎలా నిలవుంటుంది అనుకున్నారు మరి. బెంజోయేట్, సల్ఫైట్, సార్బేట్ లాంటివి రెండో క్లాసు, జాడీ మీద లేవని చెప్పేది వీటి గురించి. ఆ మాట నిజమైతే సంతోషమే, కానీ దాన్ని చూసి ఇది ఆరోగ్యానికి మంచిది అనుకుని రోజూ మూడు పూటలా వేసుకుంటే బీపీ ఉన్నవాళ్లకి సమస్య తెచ్చేది బెంజోయేట్ కాదు, ఆ లేబుల్ ఊసెత్తని ఉప్పు. రోజుకి మొత్తం 5 గ్రాముల ఉప్పు దాటొద్దని లెక్క. కొన్ని జాడీల మీద వెనక చిన్న అక్షరాల్లో అసిడిటీ రెగ్యులేటర్ 260 అని ఉంటుంది, 260 అంటే ఎసిటిక్ యాసిడ్, పైన మొదటి క్లాసులో చెప్పిందే, వేరే పేరు కింద కూర్చుంది అంతే.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇంకో రకం కనిపిస్తుంది, చికెన్ ప్యాకెట్ మీద నో హార్మోన్స్ యాడెడ్ అని. అక్కడ కోళ్లకి హార్మోన్లు ఇవ్వడం చట్టప్రకారం ఎవరికీ కుదరదు, అందుకే ఆ మాట రాస్తే దాని పక్కనే ఫెడరల్ రూల్స్ దీన్ని నిషేధించాయి అని కూడా రాయాలి, రాస్తారు కూడా, చదివేవాళ్లే ఉండరు. బేకన్ మీద నో నైట్రైట్స్ యాడెడ్ అని ఉంటుంది, దాని వెనక సెలరీ పొడిలో సహజంగా ఉన్నవి తప్ప అని ఉంటుంది, ఆ సెలరీ పొడి వేసేదే అందులోని నైట్రేట్ కోసం. మన నూనె ప్యాకెట్ల మీద కొలెస్ట్రాల్ ఫ్రీ అన్నది ఈ కుటుంబంలోదే, మొక్కల నూనెలో ఎప్పుడూ లెక్కలోకి వచ్చేంత కొలెస్ట్రాల్ ఉండదు.

ఇన్ని చిక్కుల తర్వాత ప్యాకెట్ వెనక్కి తిప్పి టేబుల్ చూద్దాం అనుకుంటే అక్కడ కూడా ఒక మెలిక ఉంది. 2020 లేబులింగ్ రెగ్యులేషన్స్ ప్రకారం మొత్తం షుగర్స్, యాడెడ్ షుగర్స్ రెండూ వేయాలి, ఇది నిజంగా మంచి రూల్. దాంతో పాటు ఒక సర్వింగ్ రోజువారీ మోతాదులో ఎంత శాతం అన్నది కూడా వేయాలి, ఆ శాతం లెక్కకి కొవ్వుకి 67 గ్రాములు, సోడియంకి 2000 మిల్లీగ్రాములు, షుగర్‌కి 50 గ్రాములు అని పెట్టుకున్నారు, కానీ ఆ 50 గ్రాములు యాడెడ్ షుగర్ మీద మాత్రమే. కాబట్టి 20 గ్రాముల షుగర్ ఉన్న జ్యూస్ డబ్బా వెనక యాడెడ్ షుగర్స్ 0 గ్రాములు, రోజువారీ మోతాదులో 0 శాతం అని పడుతుంది, దాని పై లైన్‌లో ఉన్న 20 గ్రాములకి మాత్రం పక్కన ఏ శాతమూ ఉండదు. ముందువైపు చెప్పిన సగం మాటనే వెనకవైపు టేబుల్ కూడా శాతంతో సహా చెప్తోంది అన్నమాట.

2024 జూన్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కాన్సంట్రేట్‌లో నీళ్లు కలిపి చేసిన రసాల మీద 100 శాతం ఫ్రూట్ జ్యూస్ అని రాయడం ఆపమంది. జూలైలో మొత్తం షుగర్, ఉప్పు, సాచురేటెడ్ ఫ్యాట్ అంకెల్ని పెద్ద బోల్డ్ అక్షరాల్లో వేయించాలన్న ప్రతిపాదనకి ఓకే చెప్పింది, అది కూడా యాడెడ్ కాదు, మొత్తం షుగర్. అలాంటి ప్యాకెట్లు చేతికొచ్చే దాకా టోటల్ షుగర్స్ అన్న లైన్‌ని వెతుక్కుని, అది 100 ఎంఎల్‌కా లేక డబ్బా మొత్తానికా అని చూసుకుని, మనం తాగేదాంట్లో ఎన్ని గ్రాములుందో లెక్కేసి దాన్ని నాలుగుతో భాగిస్తే ఎన్ని టీస్పూన్లో తెలిసిపోతుంది, 200 ఎంఎల్ జ్యూస్ డబ్బాకి సుమారు ఐదు. స్వీట్ షాపులో విడిగా తూచి ఇచ్చేదానికి టేబుల్ ఉండదు కాబట్టి అక్కడ అడగాల్సింది పంచదార వేశారా అని కాదు, తీపి దేనితో వచ్చింది అని.